కాటుక వేలు

కళ్ళ మీద తడి దూది పెట్టుకొని పడుకున్నవాడికి ఇల్లంతా వచ్చి చెవుల్లో కూర్చుంటుంది. మాణిక్ నులకమంచం మీద వెల్లకిలా పడుకొని, చూరు నుంచి కంచు గిన్నెలో పడుతున్న శ్రావణపు వానచుక్కలను వింటున్నాడు. ఒక చుక్క. కాస్త ఆగి ఇంకొకటి. బోరిక్ పొడి కలిపిన నీళ్ళు దూది నుంచి జారి, చెంప మీదుగా చెవి వెనక్కి పోయి, దిండులో ఇంకుతున్నాయి. గంటసేపు తెరవొద్దన్నాడు డాక్టర్ మన్సూర్ సాబ్. పొద్దున దవాఖానలో మాణిక్ మొహం చూసి ఆయన చేతిలోని కలం కింద పెట్టేశాడు. "కంపౌండరే గిట్లుంటే బీమారోళ్ళకు నేనేం చెప్పాలె? ఇంటికి పో. కండ్లు మూస్కొని దిమాగ్ తెరువు. గీ కండ్లకలక ఊర్ల ఎట్ల తిరుగుతున్నదో సోంచాయించి నాకు చెప్పు" అన్నాడు. గంట అయిందని ఎలా తెలుస్తుంది? బీదర్ రైలు కూత వేస్తే అయినట్టు. ఆ రైలు ఏనాడు వేళకు వచ్చింది గనుక? జర్మనీతో లడాయి మొదలైనప్పటి నుంచి దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తోంది. అంటే ఈ గంటకు రెండు గంటల పొడవైనా ఉండవచ్చు.

రైలు సంగతి అలా ఉంచితే, ఈ గంటలోనే న్యాల్‌కల్ నుంచి ఎడ్లబండి కూడా రావాలి. అందులో భార్య ఇందిరమ్మ ఉంటుంది, బావమరిది బస్వరాజ్ ఉంటాడు, నలభై రోజుల పాప ఉంటుంది. మాణిక్ ఇంతవరకు ఆ పాపను చూడలేదు. పాప పుట్టిన రోజున ఇక్కడ గత్తర, వాంతులూ విరేచనాలవాళ్ళతో దవాఖానలో నిలబడటానికి చోటు లేదు, సెలవు అన్న మాట ఎత్తితే డాక్టర్ సాబ్ నవ్వాడు. ముక్కు నీదే, రంగు మాది అని బస్వరాజ్ రాశాడు. ముక్కు నాది అంటే ఎంత ముక్కు? పాపం ఆడపిల్ల. ఇప్పుడు ఆ ముక్కు ఏదో తేల్చుకుందామంటే కళ్ళు అంటుకుపోయి ఉన్నాయి. పైగా అవ్వ, కన్నతల్లి అనంతమ్మ, పొద్దుటి నుంచి ఇంటిని కోటలా కట్టుదిట్టం చేసింది. కొడుకు చూపు పసిదాని మీద పడకుండా, అతని మంచానికీ లోపలి అర్రకూ మధ్య తన ముదురు నీలం చీర అడ్డం కట్టింది. "నువ్వు గీడనే ఉండు. బిడ్డ దిక్కు మొఖం తిప్పకు. సూపుతోని అంటుకుంటది. బిడ్డ గడప దాటంగనే నేను కండ్లకు కాటుక పెడత, చెంపకు చుక్క పెడత. ఇగ ఫికర్ లేదు" అని చెప్పి, బరిణె తీసి నేతితో కాటుక నూరడం మొదలుపెట్టింది. ఆ సన్నని గీకుడు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆముదం దీపపు మసి వాసన. చిన్నప్పుడు నిద్ర లేవగానే తగిలిన వాసన అదే. ప్రపంచమంటే మొదట ఆ నల్లటి చల్లటి వేలు, తర్వాతే వెలుతురు.

చూపుతో అంటుకుంటుందని ఒక్క అవ్వే కాదు, ఊరంతా అనుకుంటోంది. వారం రోజులుగా జహీరాబాద్ వీపులతో మాట్లాడుతోంది. కూరగాయలమ్మే గంగమ్మ గిరాకీకి వీపు తిప్పి, చెయ్యి వెనక్కి చాపి వంకాయలు అందిస్తుంది. గిరాకీ కూడా వీపు తిప్పి అందుకుంటాడు. మధ్యలో రెండు వంకాయలు బురదలో పడితే ఎవరు వంగాలన్నది పంచాయితీ. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాడు చూస్తే, ఈ ఊళ్ళో ప్రతి ఇద్దరికీ మాటల్లేవని అనుకుంటాడు. దవాఖానలో అయితే రోగులంతా గోడ వైపు తిరిగి కూర్చుంటున్నారు. డాక్టర్ సాబ్ మెడలను పరీక్షించి కళ్ళకు మందు రాయాల్సి వస్తోంది. నిన్న ఒకడు తన వంతు రాగానే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా డాక్టర్ సాబ్ ఒళ్ళో కూర్చున్నాడు. మాణిక్‌కు నవ్వొచ్చింది. దూది కదిలింది. ఎడమ కంట్లో ఇసుక పోసినట్టు మంట. నవ్వకు, నవ్వకు. గోడ మీద పాకే బల్లి గురించి ఆలోచించు. బల్లికి కళ్ళకలక వస్తుందా? దానికి రెప్పలే లేవు కదా.

సోంచాయించు అన్నాడు డాక్టర్ సాబ్. రోగానికి కాళ్ళు లేవు మియా, మనమే దానికి బండి కడతాం అంటాడు ఆయన, ప్రతి రోగం దగ్గరా అదే మాట. గత్తర నీళ్ళ బండి ఎక్కుతుంది. ప్లేగు ఎలుకనెక్కి, ఎలుక చస్తే దాని ఒంటి మీది గోమారు పురుగుల మీద బయలుదేరుతుంది. చలిజ్వరం దోమనెక్కుతుంది. రోగాన్ని పట్టుకోలేకపోతే బండిని ఆపు. అందుకే మొన్నటి గత్తరలో మాణిక్ బావి బావికీ తిరిగి ఎర్రమందు కలిపాడు. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగితే ఆడవాళ్ళు బావి పెద్దమనిషి అయిందని నవ్వారు, ముసలివాళ్ళు తాగేది లేదన్నారు. అప్పుడు మాణిక్ గిరక మీద చెయ్యి వేసి ఉపన్యాసం ఇచ్చాడు. చేతులు కడుక్కోండి. తినే ముందు, దొడ్డికి పోయొచ్చాక, రోగిని ముట్టుకున్నాక. సబ్బు లేకుంటే బూడిద. "మన చేతులే మన దుష్మన్లు" అన్నాడు. ఆ మాట తనకే ఎంతగానో నచ్చి, మర్నాడు ఇంకో బావి దగ్గర కూడా అన్నాడు. గత్తరకు నీళ్ళు. మరి కళ్ళకలకకు ఏ బండి? చూపా? చూపుకు చక్రాలుంటాయా? ఇందిరమ్మ మొదటిసారి తనను చూసినప్పుడు మాత్రం ఏదో వచ్చి తగిలిన మాట నిజం. మూడు రోజులు అన్నం సయించలేదు. కానీ అది డాక్టర్ సాబ్ పుస్తకంలో లేదు.

వీపు కింద నులక గుచ్చుకుంటోంది. ఈ మంచాన్ని అల్లింది దస్తగిర్. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయినవాడు. వేళ్ళతోనే చూస్తాడు. ఒక్క పోగు తప్పినా బొటనవేలితో పట్టేస్తాడు, నవ్వుతాడు. నాలుగు రోజుల కిందట ఈ మంచానికే కాళ్ళ వైపు తాళ్ళు బిగించి పోయాడు. "మాణిక్ భాయ్, నా కండ్లల్ల ఏందో గరగర అంటున్నది. పని చెయ్యని కండ్లకు గీ నొప్పెందుకు చెప్పు, హక్కు లేకుండ కిరాయి అడిగినట్టు" అన్నాడు. మాణిక్ నవ్వాడు. రెప్పలు ఉబ్బి ఉన్నాయి, మూలల్లో పుసి కట్టింది. దస్తగిర్‌కు కళ్ళకలక. ఆ రోజు అది చిన్న వింతగా తోచి పక్కకు జరిగిపోయింది. ఇప్పుడు నులక మధ్య నుంచి మళ్ళీ పైకి వచ్చి వీపులో గుచ్చింది. ఎవరి కళ్ళలోకి చూశాడు దస్తగిర్? ఎలా చూశాడు? చూపే లేనివాడికి చూపుతో ఎలా అంటింది? ఇంకొకరు అతని కళ్ళలోకి చూస్తే వచ్చిందా? అలాగైతే పుట్టినప్పటి నుంచి అతని కళ్ళలోకి చూడనివాళ్ళెవరు? మాణిక్ మంచం మీద కదిలాడు. మంచం కిర్రుమంది. దస్తగిరే ఏదో అన్నట్టుగా.

ఇంతలో ఎదురింటి అరుగు మీద రామ్‌కిషన్ దగ్గాడు. ఆ దగ్గు అజాన్ కంటే వేళ తప్పనిది. పొద్దున లేచి అరుగు ఎక్కితే మాపు దాకా దిగడు. పోయేవాళ్ళ మొహంలో మొహం పెట్టి చూస్తాడు, చూసింది చూసినట్టు గట్టిగా చెప్తాడు. "సేటు పోతున్నడు. గొడుగు కొత్తది. మొఖం మాత్రం పాతదే." వాడంతా వీపులు తిప్పుకుంటే రామ్‌కిషన్ ఒక్కడే తిరగలేదు. లోకాన్ని చూడకుండా బతికేదానికంటే కండ్లు పోయినా మేలే అన్నాడు. వాడలో ఎర్రబడ్డ ప్రతి కంట్లోకీ రెండేసి సార్లు చూసి ఉంటాడు. అతనికేమీ కాలేదు. గుడ్లు గచ్చకాయల్లా నిగనిగలాడుతున్నాయి. చూడలేనివాడికి వచ్చింది, చూడటమే పనిగా పెట్టుకున్నవాడికి రాలేదు. ఇదేం న్యాయం? రామ్‌కిషన్‌కూ దస్తగిర్‌కూ తేడా ఏమిటి? ఒకడు కూర్చుంటాడు, ఒకడు తిరుగుతాడు. ఒకడు జొన్నరొట్టె, ఇంకొకడూ జొన్నరొట్టే. ఒకరిది మసీదు వెనక ఇల్లు, ఒకరిది ఎదురిల్లు. ఆ మాటకొస్తే రామ్‌కిషన్ ఈ ఇంటి గడప తొక్కి ఏడాది అవుతుంది. అతని మేక అవ్వ ఎండబెట్టిన వడియాలు తిన్నది. అవ్వ మేకను తిట్టింది, మేక పలకలేదు, రామ్‌కిషన్ పలికాడు. అప్పటి నుంచి రెండిళ్ళ మధ్య నిప్పు లేదు, ఉప్పు లేదు, కాటుక లేదు.

కాటుక.

గీకుడు చప్పుడు ఆగింది. బరిణె మూత పడిన చప్పుడు. రోజూ తెల్లవారగానే అవ్వ అరుగు మీద కూర్చుంటుంది, వాడ పిల్లలంతా వరసగా వస్తారు. అనంతమ్మ కాటుక అంటే చలువ. కళ్ళు మండితే మందు, మండకపోతే ముందుజాగ్రత్త. గోడ అవతలి గౌహర్ బేగం ఇంట్లో వెండి సుర్మా పుల్ల ఉన్నా, ఆమె పిల్లలు కూడా ఇక్కడికే వస్తారు. అవ్వ ఉంగరపు వేలు బరిణెలోకి పోతుంది, ఒక కంటికి, రెండో కంటికి, మళ్ళీ బరిణెలోకి, పక్కపిల్ల కంటికి. ఎర్రబడ్డ కళ్ళయితే పాపమని రెండు పూతలు. కళ్ళకలక పెరిగిన కొద్దీ వరస పెరిగింది, వరస పెరిగిన కొద్దీ కళ్ళకలక పెరిగింది. తాళ్ళు బిగించడానికి రెండు రోజుల ముందు దస్తగిర్ మంచం తడిమి చూసి లేస్తుంటే, ఆగు కొడకా అని అతనికి కూడా పెట్టింది. ప్రతిసారీ పెడుతుంది. "సూపు లేకుంటేంది, కళ ఉండొద్దా" అంటుంది. రామ్‌కిషన్‌కు పెట్టదు. మరి అవ్వ సంగతి? రోజుకు ఇరవై జతల రోగపు కళ్ళలోకి వంగి వంగి చూసే అవ్వకు ఎందుకు రాలేదు? నా సూపు గట్టిది అంటుంది ఆమె. చూపు గట్టిదని కాదు. నాయిన పోయిన పదకొండో రోజు నుంచి అవ్వ కాటుక పెట్టుకోదు. ఊరందరి కళ్ళకూ పెట్టి, ఆఖరున వేలికి మిగిలిన నలుపును గోడకు రాస్తుంది. అరుగు పక్క గోడ మీద ఏళ్ళ తరబడి పడ్డ నల్లటి గీతలు. మాణిక్ ఆ గీతలను ఎన్నిసార్లు చూశాడో. అవి అవ్వ కళ్ళకు చెందాల్సిన కాటుక అని ఇవాళే, కళ్ళు మూసుకున్నాకే, తెలిసింది.

అయితే బండి చూపు కాదు. వేలు. అవ్వ వేలు.

ఈ మాట డాక్టర్ సాబ్‌కు ఎలా చెప్పాలి? అవ్వకు ఎలా చెప్పాలి? తనను పెంచిన వేలు. అక్షరాలు దిద్దించింది అదే. జ్వరం వస్తే నుదుటి మీద వాలింది అదే. దాన్ని ఎలుకల పక్కన, దోమల పక్కన నిలబెట్టాలి. కళ్ళలోని నీళ్ళు మరీ జారుతుంటే మాణిక్ భుజం మీది తువాలు కోసం తడిమాడు. తువాలు చేతికి దొరికింది. మొహం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఈ తువాలు. దీనికి దవాఖాన వాసన. ఇప్పుడు ఇంకో తలుపు తెరుచుకుంది, దాన్ని మూసేద్దామని చూశాడు గానీ మూతపడలేదు. అవ్వ వేలికి ఎవరి కళ్ళ నుంచి వచ్చింది? వరసలో మొదట ఎవరు? ఇంటి మగవాడు. ఇరవై ఏడేళ్ళ కంపౌండర్ రోజూ అందరికంటే ముందు అవ్వ చేత కాటుక పెట్టించుకుంటాడు, వాడ చివర మలుపు తిరిగాక ఎవరూ చూడకుండా ఇదే తువాలుతో తుడుచుకుంటాడు. పది పన్నెండు రోజుల కిందట ఝరాసంగం నుంచి పత్తి బండ్లతో వచ్చినవాడొకడు కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. మాణిక్ బొటనవేలితో అతని రెప్ప మడిచి చూపించాడు, డాక్టర్ సాబ్ తల ఊపాడు, మాణిక్ బొటనవేలును తువాలుకు తుడిచాడు. కడుక్కోలేదు. బయట వరస పెద్దగా ఉంది. మన చేతులే మన దుష్మన్లు. మర్నాడు కాటుకను తుడిచిన తువాలు అది. రెండు రోజులకు ఎడమ కన్ను కాస్త ఎర్రబడింది. ఇవాళ పొద్దున రెండు కళ్ళూ వాచే దాకా దాన్ని మాణిక్ రోగం అనుకోనే లేదు. విరహం అనుకున్నాడు. అనుకొని ఊరుకున్నా బాగుండేది. ఉత్తరం రాశాడు. నీ కోసం ఎదురుచూసి నా కళ్ళు ఎర్రబడినవి, నిద్ర లేదు, మూడో నెల దాకా ఆగలేను అని. ఇందిరమ్మకు చదువు రాదు. బస్వరాజ్ నడింట్లో నిలబడి గట్టిగా చదివి ఉంటాడు. అత్తగారు కళ్ళొత్తుకొని బిడ్డను పంపిద్దాం అని ఉంటుంది. మూడో నెల దాకా ఆగాల్సిన బండి నలభయ్యో రోజునే బయలుదేరింది. రోగాన్ని ఇంటికి తెచ్చింది తాను. బిడ్డను దానికి ఎదురు పిలిచిందీ తానే. మొగుడంపల్లి పసివాడొకడు గుర్తొచ్చాడు. ఆలస్యంగా తెచ్చారు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర, చిన్న ముత్యమంత. పసికళ్ళు లేత తమలపాకులు మియా, అన్నాడు డాక్టర్ సాబ్ ఆ రోజు. ఆ కన్ను దక్కలేదు.

"న్యాల్‌కల్ బండి వచ్చింది. ఎద్దు ఒకటి కుంటుతున్నది. పిల్ల ఏడుస్తలేదు, మంచిదే" అన్నాడు ఎదురరుగు మీద రామ్‌కిషన్.

గజ్జెల చప్పుడు గుమ్మం ముందు ఆగింది. మాణిక్ లేచాడు. దూది ముక్కలు రెండూ ఎటో పడ్డాయి. రెప్పలు మైనం పెట్టినట్టు అతుక్కొని రాలేదు. కాలు కంచు గిన్నెలో పడింది, వాననీళ్ళు చల్లగా మడమకు తగిలాయి, గిన్నె ఖణేల్మని అర్ర దాకా దొర్లింది. మొహానికి నీలం చీర అడ్డుపడింది. దానితో పెనుగులాడి, చీర సగం తలకు చుట్టుకొని అవతలికి వచ్చాడు. గడప దగ్గర తడి గొంగళి వాసన, ఎద్దుల వాసన, వాటి మధ్య తనకు తెలియని ఒక పాల వాసన.

"బావా, ఏంది గీ వేషం" అన్నాడు బస్వరాజ్. "నీ ఉత్తరం ఇని మా అవ్వ రెండు దినాలు ఏడ్సింది. నిజంగనే కండ్లు గిట్ల చేసుకుంటివా ఏంది?"

"అత్తా, ఆయన దిక్కు నేను సూస్తలేను. బిడ్డను పట్టుకొని అటు తిరిగే ఉన్న" అంది ఇందిరమ్మ గొంతు, గోడకు చెప్తున్నట్టు.

"మంచి పని చేసినవు బిడ్డా. ఇగో, దాని మొఖం ఇటు తిప్పు" అంది అవ్వ. బరిణె మూత తీసిన చప్పుడు.

మాణిక్ చెయ్యి చాపాడు, అవ్వ చేతిని పట్టుకుందామని. చాపిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ముట్టుకుంటే తానూ బండే. రెండు చేతులూ పైకెత్తి, నీలం చీర భుజాల మీద వేలాడుతుండగా, మనిషి ఎదురుగా ఉన్నాడో లేడో తెలియక దూలానికి చెప్పాడు. "అవ్వా, ఆగు. పెట్టకు."

"ఏందిరా?"

"కండ్లకలక సూపుతోని వస్తలేదు. నీ ఏలుతోని వస్తున్నది."

చూరు నుంచి ఒక చుక్క, ఈసారి నేల మీద పడింది.

"నా ఏలా" అంది అవ్వ మెల్లగా. "నలభై ఏండ్ల సంది పెడుతున్న. నా ఏలికి రోగమారా? దవాఖానల నౌకరీ దొరికెనని అవ్వకే టీకా ఏస్తున్నవా?"

"నీ ఏలుది తప్పు లేదు. తెచ్చింది నేను. ఝరాసంగపోని కండ్లు పట్టి చేతులు కడుక్కోలే. నాకంటింది. నా నుంచి నీ ఏలికి, దాని నుంచి బరిణెకు, బరిణెల నుంచి వాడకు. గత్తరప్పుడు బాయికాడ నిలవడి అందరికి చెప్పిన, నేను మాత్రం కడుక్కోలే అవ్వా."

గోడ అవతల గౌహర్ బేగం ఇంట్లో గాజుల చప్పుడు ఆగింది. ఆమె వింటోంది. ఎదురరుగు రామ్‌కిషన్ దగ్గు కూడా ఆపుకున్నాడు. రేపటికి ఊరంతా పాకుతుంది ఈ మాట, ఏ కాటుకా అక్కర్లేకుండా. పాకనీ. అవ్వ నమ్మకపోతే ఎలా? చెయ్యి పట్టి ఆపడానికి లేదు. అరిచినా బిడ్డ జడుసుకుంటుంది. తన దగ్గర మాటలు తప్ప ఏమీ మిగల్లేదు, అవి కూడా అయిపోయాయి. ఇంక ఏం చెప్పాలి? బండి, చక్రం, ఎలుక, గోమారి, ఇవన్నీ డాక్టర్ సాబ్ నోట్లోనే బాగుంటాయి. అతికిన రెప్పల వెనక ఎర్రటి చీకటిలో మాణిక్ అవ్వ ఊపిరిని విన్నాడు. ఒకసారి పీల్చింది. ఆగింది. అవ్వ లెక్క తప్పినప్పుడు, కూరలో ఉప్పు వేశానా లేదా అని వెనక్కి పోయి వెతికేటప్పుడు, అలాగే ఆగుతుంది.

"దస్తగిర్‌కు సూపే లేకపాయె" అంది అనంతమ్మ చివరికి, ఎవరితోనో కాదు, తనతోనే. "గుడ్డోనికి ఎట్ల వచ్చెనా అని నాలుగు దినాల సంది నా పానం కొట్టుకుంటున్నది. నేను పెట్టిన్నాడు బాగనే ఉండె. రెండు దినాలకు వాచె." ఇంకొంచెం ఆగి, "నాకైతే రాలే" అంది. ఆ మాటతో ఏదో పూర్తయింది. బరిణె మూత బిగించిన చప్పుడు వినిపించింది. గట్టిగా, ఇంక తియ్యను అన్నట్టు.

"బేగమమ్మా" అని పిలిచింది గోడ వైపు. "జర సబ్బు ముక్క ఉందా మీ ఇంట్ల?"

"లేక ఏం అనంతమ్మక్కా. ఇస్తున్న. మా సుర్మా పుల్లను కూడ ఉడకబెట్టాల్నా?"

"అన్ని విన్నవా? విన్నదానివి ఉడకబెట్టు."

తర్వాతి పావుగంట అవ్వ రాజ్యం. పొయ్యి మీది మరిగిన నీళ్ళు చల్లార్చి ముందు తన వేలు కడిగింది, ఒక్కొక్క కణుపూ, గోరు సందూ, బూడిదతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు. ఆపైన మాణిక్ చేతులు పట్టింది. చిన్నప్పుడు మట్టిలో ఆడి వచ్చినప్పటిలాగే, విదిలిస్తే మొట్టికాయ. తర్వాత తన చేతులు మళ్ళీ కడుక్కుంది, అతన్ని ముట్టుకున్నందుకు. తువాలును కట్టెతో ఎత్తి మరుగుతున్న నీళ్ళలో వేసింది. బస్వరాజ్ నవ్వబోతే, నీ చేతులు కూడ అంది. బరిణె అటక ఎక్కింది. దూది ముంచి మాణిక్ రెప్పల మీద అద్దితే మెల్లగా జిగురు వదిలింది. సన్నటి సందు. అందులోంచి పొగమంచులా ఇల్లు.

ఇందిరమ్మ ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. వీపు, జడ, జడలో వాన తడి.

"సూపుతోని రాదు" అన్నాడు మాణిక్. "ఇటు తిరుగు."

"నిజంగనా?"

జవాబు అవ్వ చెప్పింది. "తిరుగు బిడ్డా. ముట్టనియ్యకు, సూడనియ్యి." నాలుగు మూరల దూరంలో గుమ్మానికి అడ్డంగా నిలబడింది, కడిగిన చేతుల నుంచి నీళ్ళు కారుతుండగా.

మాణిక్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇందిరమ్మ తిరిగింది. గొంగళి మడతల్లో పిడికిలంత మొహం, కాటుక లేని కళ్ళు, చుక్క లేని చెంప. ఆ కళ్ళు అతని వైపే తెరుచుకొని ఉన్నాయి. ఎవరన్న అనుమానం గానీ, భయం గానీ వాటిలో లేవు. ముక్కు మాత్రం తనదే. పాపం. సందులోంచి చూస్తుండగానే అది చెదిరింది, అలికినట్టయింది. పుసో, కన్నీళ్ళో తేల్చుకోలేక మాణిక్ వెనక కట్టుకున్న చెయ్యి విప్పి మొహం వైపు ఎత్తాడు.

"చేతులతోని తుడ్సుకోకు" అంది అవ్వ.

దూరంగా బీదర్ రైలు కూత వేసింది.